రైలు ట్యాంకరు నెత్తిన చిన్న వాల్వు… దానికెన్ని పరీక్షలో!

అమెరికాలో కారు నడిపే తెలుగువాళ్లకి గూడ్స్ రైలు కోసం గేటు దగ్గర ఆగడం కొత్తేం కాదు. రైలు మైలు పొడవుంటుంది. ఒక్కోసారి రెండు మైళ్లు కూడా. వెనక సీట్లో పిల్లలు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎనభై దాటాక విసుగొచ్చి మానేస్తారు. వాటిలో నల్లగా, పడుకోబెట్టిన పెద్ద పీపాల్లా కనిపించేవి ట్యాంక్ కార్లు. మన దగ్గర వీటినే ట్యాంక్ వ్యాగన్లు అంటాం. చర్లపల్లి, కొండపల్లి మీదుగా రైల్లో వెళ్లేవాళ్లు చూసే ఉంటారు.

ఒక్కో ట్యాంక్ కారులో సుమారు 30,000 గ్యాలన్లు పడుతుంది. అంటే లక్షా పదమూడు వేల లీటర్ల పైమాటే. మన రోడ్లమీద తిరిగే పెద్ద పెట్రోలు ట్యాంకర్లు ఐదారు కలిపితే ఒక్క కారు. పక్కన అంటించిన డైమండు ఆకారపు బోర్డుమీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 1267 అంటే ముడిచమురు, 1017 అంటే క్లోరిన్, 1075 అంటే ఎల్పీజీ. ఈ 1075ని మన జాతీయ రహదారుల్లో గ్యాస్ ట్యాంకర్ల మీద కూడా చూడొచ్చు. నంబర్లు ప్రపంచమంతా ఒకటే.

ట్యాంకు నెత్తిమీద చిన్న గోపురంలాంటి మూత ఒకటి కనిపిస్తుంది. దాని కింద ఉండే వాల్వులే నా బతుకుతెరువు. హ్యూస్టన్ దగ్గర ఒక చిన్న కంపెనీలో పద్నాలుగేళ్లుగా వాటి డిజైను, పరీక్షలు, ముఖ్యంగా వాటికి అనుమతి తెప్పించే పని చూస్తున్నాను. "ఏం చేస్తుంటావ్ బాబూ?" అని ఊళ్లో పెద్దవాళ్లు అడిగితే, "కుక్కర్ విజిల్ చేస్తాం పిన్నీ, కాకపోతే రైలుకి" అని చెబుతాను. నవ్వుతారు గానీ అది అబద్ధమేం కాదు.

కుక్కర్‌లో రెండు రక్షణలుంటాయి కదా. ఒకటి వెయిట్: ఆవిరి ఎక్కువైతే పైకి లేస్తుంది, తగ్గితే మళ్లీ కూర్చుంటుంది. రెండోది సేఫ్టీ వాల్వ్: అది ఒక్కసారి కరిగిందంటే ఇక మార్చాల్సిందే. ట్యాంక్ కారు మీద కూడా అంతే. స్ప్రింగుతో పనిచేసే రిలీఫ్ వాల్వు మొదటి రకం. ఒత్తిడి పెరిగితే చిరిగిపోయే పల్చటి రేకు రెండో రకం. మేం చేసేది స్ప్రింగుది. మండే ద్రవాలు మోసే మామూలు కార్లకి అది చదరపు అంగుళానికి 75 పౌండ్ల కంటే తక్కువ ఒత్తిడిలో తెరుచుకోవడానికి వీల్లేదు. మీ కారు టైర్లో ఉండే గాలి ఒత్తిడికి రెండింతల పైన అన్నమాట. తెరుచుకున్నాక పొంగుతున్న ఆవిరిని వేగంగా బయటికి వదలాలి. ఒత్తిడి 80 శాతానికి, అంటే 75లో 60కి, దిగేసరికి ఆవిరి పోకుండా గట్టిగా మూసుకోవాలి. ఇంట్లో కొత్త సిలిండర్ పెట్టినప్పుడు రెగ్యులేటర్ దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాం కదా, మా టెస్టింగ్ షెడ్డులో చివరి పరీక్ష కూడా అదే. లక్షల డాలర్ల యంత్రాలన్నీ అయ్యాక, ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి బుడగ కోసం చూస్తాడు. బుడగ వస్తే ఆ వాల్వు పక్కకి.

సరే, వాల్వు బాగా పనిచేస్తోంది. అమ్మేయొచ్చా? అమ్మకూడదు.

ఎవరి అనుమతి కావాలి?

ఇక్కడ మనవాళ్లకి ముందు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. మన దేశంలో పట్టాలు, ఇంజన్లు, చాలావరకు వ్యాగన్లు కూడా రైల్వేవే. డిజైను లక్నోలోని ఆర్డీఎస్ఓ చూస్తుంది. ఎల్పీజీలాంటివి మోసేవాటికి నాగపూర్‌లో ముఖ్య కార్యాలయం ఉన్న పేలుడు పదార్థాల నియంత్రణ సంస్థ కూడా ఒప్పుకోవాలి. అమెరికాలో అలా కాదు. పట్టాలు ప్రైవేటు రైలు కంపెనీలవి. ట్యాంక్ కార్లు మాత్రం ఎక్కువగా వాళ్లవి కావు. అద్దెకిచ్చే కంపెనీలవో, రసాయనాలు తయారుచేసేవాళ్లవో. టెక్సస్‌లో నిండిన కారు నాలుగు కంపెనీల పట్టాలమీద నడిచి కెనడాలో తేలొచ్చు. "ఎవరిదో కారు, ఎవరిదో వాల్వు. నా పట్టాలమీద లీకైతే ఊరు ఖాళీ చేయించాల్సింది నేను" అని రైలు కంపెనీల బాధ. న్యాయమే కదా.

అందుకే రైలు కంపెనీల సంఘం కింద ట్యాంక్ కార్ల కమిటీ ఒకటి ఉంది. రైలు కంపెనీలవాళ్లు, కార్లు కట్టేవాళ్లు, సరుకు పంపేవాళ్లు అందులో కూర్చుంటారు. ప్రభుత్వ రైల్వే భద్రతా అధికారులు, కెనడా రవాణాశాఖవాళ్లు కూడా సమావేశాలకి వస్తారు. విచిత్రం ఏమిటంటే, ప్రభుత్వ నిబంధనల పుస్తకమే "డిజైను ఆ కమిటీకి పంపండి, అది సరే అనాలి" అని రాసింది. అంటే ప్రైవేటు సంఘం చేతిలో చట్టం పెట్టిన అధికారం. దీనిమీద మాలాంటి చిన్న కంపెనీల్లో గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది. మన పోటీదారు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటాడాయె! ఆ ఫిర్యాదులో నిజం లేదని నేననను. కానీ అక్కడినుంచి వచ్చే ప్రశ్నలు మాత్రం ఈ పని ఎరిగినవాళ్లు అడిగేవే.

పంపాల్సిన కాగితాలు ఒక బీరువా నిండుతాయి. డ్రాయింగులు, ప్రతి ముక్క ఏ లోహంతో చేశామో, రబ్బరు ఏ రకమో, లెక్కలు, ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుంది, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వదిలింది, అన్నీ. ఇది డిజైనుకి. ఇది కాక ఫ్యాక్టరీకి విడిగా నాణ్యతా సర్టిఫికెట్ ఉండాలి. ఆడిటర్లు వచ్చి రికార్డులు తిరగేస్తారు. టార్క్ రెంచి ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారని అడుగుతారు. ఆ స్టిక్కరు మీద తేదీ దాటిపోయి ఉంటే ఆ రోజు మధ్యాహ్నం ఎవరికీ భోజనం సయించదు.

తర్వాత ఏ చిన్న మార్పు చేసినా, ఉదాహరణకి సీల్ రబ్బరు మార్చినా, మళ్లీ వెళ్లి చెప్పుకోవాలి.

మేం సరిగ్గా ఆ పనే చేశాం. మా రిలీఫ్ వాల్వుకి కొత్త రబ్బరు సీల్ పెట్టాలనుకున్నాం. పాతదానికంటే ఎక్కువ రసాయనాలకి తట్టుకునేవి రెండు రకాలు ఎంచుకున్నాం. అడిగిన పరీక్షలన్నీ చేసి పంపాం. కొన్ని నెలల తర్వాత జవాబు వచ్చింది. అందులో అభ్యంతరం లేదు, ఒకే ఒక్క ప్రశ్న ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యాక లోపల వేడి ఆవిరితో కడుగుతారు, అలా పదేపదే కడిగాక మీ వాల్వు ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది?

ఆలోచిస్తే ఎంత మామూలు ప్రశ్న! ఇంట్లో కుక్కర్ రబ్బరుకి ప్రాణాంతకం సాంబారు కాదు. రోజూ ఉడికి, ఆరి, మళ్లీ ఉడకడం. అది అమ్మలందరికీ తెలుసు.

ఆ పరీక్షకి ప్రత్యేకంగా ఆవిరి గది కట్టాల్సి వచ్చింది. నెలలు పట్టింది. ఈలోగా మాతో మాట్లాడుతున్న ఒక కొనుగోలుదారు ఆగలేక వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్న కంపెనీలో అలాంటి ఆర్డరు పోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు గానీ, ఆ నెల క్యాంటీన్లో మాటలు తగ్గాయి. హెచ్1బీ మీద ఉన్న మన కుర్రాడొకడు నా డెస్కు దగ్గరికొచ్చి "అన్నా, ఇది అయ్యేదేనా?" అని రెండుసార్లు అడిగాడు. వాడి భయం సీల్ గురించి కాదు, నాకు తెలుసు.

ఫలితం సగం సగం. ఒక రబ్బరు ఎన్నిసార్లు ఆవిరి పట్టినా చెక్కుచెదరలేదు. రెండోది మాత్రం లోహానికి అతుక్కోవడం మొదలుపెట్టింది. వాల్వు తెరుచుకుంది, కాదనను. కానీ తెరుచుకోవాల్సిన ఒత్తిడి దాటాక. రెండోదాన్ని దరఖాస్తు నుంచి తీసేశాం. మంటల్లో ఉన్న ట్యాంకుకి ఆ తేడా ఎంతో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

వంద నిమిషాల లెక్క

1973 జులైలో ఆరిజోనా రాష్ట్రంలోని కింగ్‌మన్ అనే ఊళ్లో ప్రొపేన్ గ్యాసున్న ట్యాంక్ కారు దగ్గర మంటలంటుకున్నాయి. ఫైర్ ఇంజన్లు వచ్చి నీళ్లు కొట్టే ఏర్పాట్లలో ఉండగానే ట్యాంకు పేలిపోయింది. 11 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 1978 ఫిబ్రవరిలో టెనెసీలోని వేవర్లీలో రైలు పట్టాలు తప్పింది. రెండు రోజులపాటు ఏమీ కాలేదు. ఇక ప్రమాదం లేదనుకుని గ్యాసును వేరే ట్యాంకర్లోకి ఎక్కించబోతుండగా పేలింది. 16 మంది పోయారు.

రిలీఫ్ వాల్వు ఉన్నా ట్యాంకు ఎందుకు పేలుతుంది? కింద ద్రవం ఉన్నచోట ఉక్కు వేడిని ద్రవానికి ఇచ్చేసి చల్లగా ఉంటుంది. పైన ఆవిరి ఉన్నచోట ఆ అవకాశం లేదు. మంట తగిలిన కొద్దీ ఉక్కు మెత్తబడుతుంది. వాల్వు ఆవిరిని వదిలినకొద్దీ ద్రవం తగ్గుతుంది, పైన ఖాళీ భాగం పెరుగుతుంది. ఒకపక్క వాల్వు తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఇంకోపక్క ఉక్కు నీరసిస్తూ ఉంటుంది. ఇది పరుగుపందెం. అందులో వాల్వు ఆలస్యంగా తెరుచుకుందంటే, అప్పటికే మెత్తబడిన ఉక్కుమీద ఆ అదనపు ఒత్తిడి పడుతుంది.

అందుకే ఇవాళ్టి నిబంధనల్లో ఒక లెక్క ఉంది. మంటల నుంచి రక్షణ ఉండాల్సిన ట్యాంక్ కారు 870 డిగ్రీల సెల్సియస్ మంటల మడుగులో వంద నిమిషాలు నిలబడాలి. అదే 1,200 డిగ్రీల జ్వాల నేరుగా తగిలితే ముప్పై నిమిషాలు. ఆ సమయంలో లోపలి సరుకు రిలీఫ్ వాల్వు గుండా తప్ప ఇంకెక్కడినుంచీ బయటికి రాకూడదు. వంద నిమిషాలంటే ఫైర్ ఇంజను వచ్చి, పరిస్థితి చూసి, చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించడానికి దొరికే సమయం. ట్యాంకు చివర్లకి కవచాలు, పట్టాలు తప్పినప్పుడు పైకి లేచి పక్క ట్యాంకుని పొడవకుండా ఉండే కప్లింగులు, ఇవన్నీ కూడా 1970ల ప్రమాదాల తర్వాత వచ్చినవే.

ఆమోదం లేని వాల్వు, ఆమోదం ఉన్న మూత

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. 2015 జనవరిలో నార్త్ డకోటా నుంచి వాషింగ్టన్ రాష్ట్రానికి ముడిచమురుతో వెళ్తున్న రైల్లో 14 ట్యాంక్ కార్లు పైభాగం నుంచి కారుతున్నట్టు బయటపడింది. పట్టాలు తప్పలేదు, ఎవరూ గుద్దలేదు. అధికారులు విప్పి చూస్తే మూడంగుళాల బాల్ వాల్వుల దగ్గర తేలింది. వాల్వు బయట రక్షణకోసం ఒక ప్లగ్గు బిగిస్తారు. నిబంధన ప్రకారం రెంచి పెట్టి గట్టిగా బిగించాల్సిందే, చేత్తో తిప్పితే ఒప్పుకోరు. ఆ ప్లగ్గు బిగిసేకొద్దీ లోపలి బంతిని తాకి, సీల్‌ను దెబ్బతీస్తోంది. అంటే పనివాడు ఎంత శ్రద్ధగా బిగిస్తే అంత లీకు!

అసలు ఆ వాల్వుకి ట్యాంక్ కార్లమీద వాడే ఆమోదమే లేదని తర్వాత తెలిసింది. అప్పటికే అవి దాదాపు 6,000 కార్లమీద ఉన్నాయి. మార్చి 13న రైల్వే భద్రతా శాఖ ఆదేశం ఇచ్చింది. ఆ మూడంగుళాల వాల్వులు 60 రోజుల్లో మార్చాలి. ఆ రోజుల్లో ముడిచమురు రవాణా పరుగుమీద ఉంది, కార్లు దొరకడమే కష్టం. వర్క్‌షాపుల ముందు కార్లు బారులు తీరాయి.

ఆ వాల్వు విడిగా చూస్తే బాగుంది. ప్లగ్గు కూడా విడిగా బాగుంది. రెండూ కలిసినచోట చెడింది. పెళ్లిచూపుల్లో అబ్బాయి మంచివాడే, అమ్మాయి మంచిదే, కాపురం మాత్రం కుదరలేదన్నట్టు. కమిటీకి పంపే దరఖాస్తులో "దీనికి జతగా ఏది బిగిస్తారు?" అన్న వివరం అడుగుతారు. నేను కొత్తవాళ్లని ముందు ఆ భాగమే చదవమంటాను.

ఇంతవరకూ చదివితే ఆమోదం ఉంటే చాలు, భద్రత ఉన్నట్టే అనిపించొచ్చు. అలా అనుకోవడానికీ లేదు.

2013 జులై 6 తెల్లవారుజామున కెనడాలో లాక్-మెగాంటిక్ అనే చిన్న ఊరి నడిబొడ్డులోకి 72 ట్యాంక్ కార్ల ముడిచమురు రైలు డ్రైవరు లేకుండా దొర్లుకుంటూ వచ్చింది. రాత్రి పైన వాలులో ఆపి ఉంచిన రైలుకి చేతి బ్రేకులు చాలినన్ని వేయలేదు. 63 కార్లు పట్టాలు తప్పాయి. 47 మంది చనిపోయారు. బ్రేకుల సంగతి అలా ఉంచండి. ఆ కార్లు డాట్-111 అనే పాత రకం. వాటన్నిటికీ ఆమోదం ఉంది, కాగితాలన్నీ సక్రమం. వాటి గోడలు పల్చనివని, తల భాగం, పై అమరికలు దెబ్బకి తట్టుకోలేవని అమెరికా ప్రమాద పరిశోధన బోర్డు 1991 నుంచీ చెబుతూనే ఉంది. 2009లో ఇల్లినాయ్‌లో ఇథనాల్ రైలు కాలిపోయినప్పుడు మళ్లీ చెప్పింది. కొత్త డాట్-117 నిబంధన 2015 మేలో గానీ రాలేదు. గోడ మందం పదకొండు మిల్లీమీటర్ల నుంచి పద్నాలుగు దాటింది, మంటలకి తట్టుకునే పొర, పైన ఉక్కు తొడుగు, తలకి పూర్తి ఎత్తు కవచం వచ్చాయి. కింది వాల్వు హ్యాండిల్ ప్రయాణంలో తనంతట తాను తెరుచుకోకుండా ఏర్పాటూ వచ్చింది. మండే ద్రవాలన్నిటికీ పాత కార్లు పూర్తిగా మానేయడానికి గడువు 2029 మే 1. మా సీల్‌కి నెలలు పట్టిందని మేం గోలపెట్టాం. ఈ నత్తనడకని ఏమనాలి? కొత్త వస్తువుని ఆపడంలో ఉన్న పట్టుదల పాత వస్తువుని తీసేయడంలో కనపడదు. ఈ వ్యవస్థమీద నాకున్న అసలు కోపం అదే.

ఇంకొకటి. 2023 ఫిబ్రవరి 3న ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్ దగ్గర రైలు పట్టాలు తప్పింది. అందులో ఐదు కార్లలో వినైల్ క్లోరైడ్ ఉంది. పీవీసీ పైపులకి ముడిసరుకు అది. మంటల్లో కొన్ని కార్లమీద రిలీఫ్ వాల్వులున్న గోపురం మూతలు కరిగి కిందికి కారాయి. ఎందుకంటే అవి అల్యూమినియంవి. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది. పైన చెప్పిన మంటల మడుగు 870. ట్యాంకు వంద నిమిషాలు నిలబడాలని రాసుకున్నాం గానీ, దాని ప్రాణం కాపాడే వాల్వు నెత్తిమీద మూత అంతసేపు ఉంటుందా అని ఎవరూ అడగలేదు. కాగితాల ప్రకారం ఆ మూతలు తప్పు కాదు. మార్చి 2న ప్రభుత్వం హెచ్చరిక పంపింది: అల్యూమినియం మూతలున్నవాళ్లు చూసుకోండి, ఉక్కువి పెట్టుకోవడం ఆలోచించండి అని.

ఆ ప్రమాదంలో వాల్వుల తీరు చూసి, లోపల రసాయన చర్య మొదలైందని, కార్లు పేలతాయని అక్కడున్న నిపుణులు భయపడ్డారు. మూడోరోజు ఐదు కార్లకీ కావాలనే రంధ్రాలు చేసి తగలబెట్టారు. ఆకాశంలోకి లేచిన ఆ నల్లటి పొగ టీవీల్లో మీరూ చూసుంటారు. అలా తగలబెట్టాల్సిన అవసరం లేదని 2024 జూన్‌లో పరిశోధన బోర్డు తేల్చింది. లోపల ఆ చర్య జరగనేలేదు. ఆ వార్త చదివిన రోజు మా షెడ్డులో పెద్దాయన వాల్వుని చేతిలో తిప్పుతూ, "ఇది తెరుచుకున్నా జనం భయపడతారు, మూసుకున్నా భయపడతారు" అన్నాడు.

గేటు దగ్గర ఆగే మనవాళ్లకి ఒక ఉపయోగపడే సంగతి చెప్పి మా సీల్ కథకి వస్తాను. ప్రతి రైలు గేటు దగ్గరా నీలిరంగు చిన్న బోర్డు ఉంటుంది. దానిమీద రైలు కంపెనీ ఫోన్ నంబరు, ఆ గేటుకి మాత్రమే చెందిన ఆరంకెలు, ఒక అక్షరం ఉన్న గుర్తు ఉంటాయి. ట్యాంకు నుంచి ఏదైనా కారుతున్నట్టో, ఆవిరి చిమ్ముతున్నట్టో కనిపిస్తే దగ్గరికెళ్లి ఫొటో తీయకండి. గాలి వాలుకి ఎదురుగా దూరం జరిగి 911కి, ఆ నంబరుకి ఫోన్ చేసి ఆ గుర్తు చెప్పండి. ఏ గేటో వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఆవిరి పరీక్ష నెగ్గిన రబ్బరుతో మా వాల్వుకి అనుమతి వచ్చింది. అయితే అది పూర్తి ఆమోదం కాదు. ముందు సర్వీస్ ట్రయల్. లెక్కపెట్టి కొన్ని కార్లమీదే పెట్టాలి, ఏ కారుమీద ఏ నంబరు వాల్వు ఉందో రాసుకోవాలి, గడువు ప్రకారం విప్పి చూసి కమిటీకి నివేదిక పంపాలి. ఆ కార్లు ఎక్కడున్నాయో మా హెచ్1బీ కుర్రాడు రోజూ కంప్యూటర్లో చూస్తాడు. మొన్న ఒకటి లూసియానాలో ఉంది, ఇంకొకటి మంచులో, అల్బర్టాలో. మొదటి విడత వాల్వులు కిందటి నెల షెడ్డుకి వచ్చాయి. పెద్దాయన సబ్బునీళ్ల డబ్బా తీసుకుని ఒక్కోదాని మీదికి వంగాడు. మేమందరం వెనకాల నిలబడ్డాం, ఎవరూ మాట్లాడలేదు. ఒక్కదాంట్లోనూ బుడగ రాలేదు. రెండో విడత వచ్చే వేసవికి వస్తుంది.